గాలిపరుపు గట్టిపడింది!

అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక నాన్న ‘‘ఇక ఆపరా’’ అన్నారు.

అప్పటికి ఇంట్లోంచి బయల్దేరి గంట కూడా కాలేదు. వెనక సీట్లో రెండు దిండ్లు, నడుముకు బెల్టు, పక్కన అమ్మ. రోడ్డు చూస్తే నున్నగానే ఉంది. కానీ తారు మీద వేసిన చిన్న అతుకు తగిలినా కారు ‘టక్’మంటోంది. ఆ దెబ్బ సీట్లోంచి తిన్నగా ఆయన వెన్నులోకి దిగుతోంది. రెండేళ్ల కిందట నడుముకు ఆపరేషన్ అయిన మనిషి. ‘‘దీనికంటే మన పాత లారీనే నయం. లోడు వేస్తేనన్నా మెత్తబడేది’’ అన్నారు మొహం చిట్లించి. మారు మాట్లాడకుండా కారు వెనక్కి తిప్పాను.

మా ఊరు కృష్ణా జిల్లాలో అవనిగడ్డ పక్కన. అక్కడ నానమ్మ తద్దినం. ఆపరేషన్ అయ్యాక రెండేళ్లూ హైదరాబాద్‌లోనే కానిచ్చారు. ఈసారి మాత్రం ఊళ్లో, ఆ ఇంట్లోనే పెట్టాలని నాన్న పట్టు. రైలెక్కొచ్చుగా అంటారేమో... ప్లాట్‌ఫాం మీద ఆ తోపులాట, బెర్తు మీద ఒత్తిగిలడం ఆయన వల్ల కాదు. బస్సు సంగతి సరేసరి. అసలు ఈ కారు కొన్నదే అందుకు!

పద్నాలుగేళ్ల నాటి విదేశీ లగ్జరీ కారు ఇది. కొత్తలో దీని ఖరీదుకు ఓ మేడ వచ్చేది. చేతులు మారి మారి ఏడున్నర లక్షలకు మా వాకిట్లోకి వచ్చింది. కంపెనీ పేరెందుకు లెండి... ఆ వయసుకు ఎవరికైనా ఏదో ఒకటి వస్తుంది. అమ్మినాయన ‘‘గాలి మీద నడుస్తుందండీ. మంచినీళ్ల గ్లాసు పెట్టినా తొణకదు’’ అన్నాడు. మొదటి మూడు నెలలూ నిజంగానే తొణకలేదు. ఆ తర్వాతే ఈ ‘టక్కులు’ మొదలయ్యాయి.

తద్దినానికి ఇంక పన్నెండు రోజులుంది.

సర్వీసు సెంటరుకు తీసుకెళితే కంప్యూటర్ తగిలించి చూశారు. ముందు ఎడమ వైపు సస్పెన్షన్‌లో లోపమని తెర మీద వచ్చింది. ఆ కాలు మొత్తం మార్చాలన్నారు. ఒకటి మారిస్తే దాని జత కూడా మార్చాలట. ముందువి రెండూ కొత్తవై వెనకవి పాతవి ఉంటే అదీ బాగుండదట. అలా అలా లెక్క నాలుగు లక్షలు దాటింది! కారు కొన్న ధరలో సగం పైనే. తెలిసినవాళ్లేమో ‘‘ఆ గాలి బాధంతా ఎందుకు, పీకించి మామూలు స్ప్రింగులు వేయించెయ్’’ అన్నారు. అదీ ఆలోచించాను. కానీ మామూలు స్ప్రింగుల కారు నాన్న కోసం కొనాల్సిన పనేముంది? అలాంటిది అప్పటికే ఇంట్లో ఒకటుంది.

కొలిమి తిత్తిలాంటిదే

ఇంతకీ కారు గాలి మీద నడవడమేంటి? టైర్లలో గాలి సంగతి కాదు. లారీ కింద చూస్తే ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కమాన్ కట్టలు కనిపిస్తాయి. మామూలు కార్లకు చుట్టలు చుట్టిన స్ప్రింగులుంటాయి. ఇలాంటి కార్లకు వాటి బదులు చక్రానికొకటి చొప్పున రబ్బరు తిత్తి ఉంటుంది. కంసాలి కొలిమి తిత్తి గుర్తు చేసుకోండి, దాదాపు అదే. ఒక చిన్న కంప్రెసర్ ఆ తిత్తిలో గాలి నింపుతుంది. అందులో ఒత్తిడి టైరులో ఉండేదానికంటే చాలా ఎక్కువ. చక్రాల దగ్గర ఉండే సెన్సర్లు కారు ఎంత ఎత్తులో ఉందో కనిపెడుతుంటాయి. నలుగురు ఎక్కి కారు కుంగితే కంప్రెసర్ ఇంకాస్త గాలి కొట్టి మళ్లీ పాత ఎత్తుకు లేపుతుంది.

ఇందులో గమ్మత్తు వేరే ఉంది. ఖాళీ లారీ ఎందుకు ఎగిరెగిరి పడుతుంది? దాని కట్టలు పది టన్నుల కోసం చేసినవి. బరువు లేనప్పుడు అవి వంగవు. నాన్న లోడు మాట ఎత్తింది అందుకే. గాలి తిత్తి అలా కాదు. బరువు పెరిగితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది, దాంతోపాటే దాని బిగువూ పెరుగుతుంది. బరువు తగ్గితే రెండూ తగ్గుతాయి. అందుకని ఒక్కరున్నా అయిదుగురున్నా ఊగే తీరు ఇంచుమించు ఒకటే.

ఇది మొన్నమొన్నటి సంగతేం కాదు. అమెరికాలో గ్రేహౌండ్ బస్సులు 1954లోనే తిత్తుల మీద నడిచాయి. 1957లో క్యాడిలాక్ తన ఎల్డొరాడో బ్రోమ్ కారుకు ఇదే పెట్టింది. పాపం, గాలి నిలవలేదు. కొన్నవాళ్లు చాలామంది తిత్తులు పీకించి ఇనప స్ప్రింగులు వేయించుకున్నారు. (చూశారా, నాకు సలహా ఇచ్చినవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు!) ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ 1955లో డీఎస్ కారుకు గాలికి బదులు నైట్రోజన్ వాయువు, నూనె కలిపి మరో దారి పట్టింది. జర్మనీలో మెర్సిడెస్ 1961లో గాలి తిత్తుల కారు తెచ్చింది. కంప్యూటర్లు వచ్చాక 1990ల చివరి నుంచి ఖరీదైన కార్లలో ఇవి మళ్లీ మామూలైపోయాయి. మన దగ్గర ఎక్కువమంది వీటి సుఖం ఎరిగింది మాత్రం కార్లలో కాదు, బస్సుల్లో. 2001లో మన దేశానికి వోల్వో బస్సులొచ్చాయి. ఆర్టీసీ వాటిని గరుడ పేరుతో తిప్పింది. ఆగినప్పుడు కింద నుంచి ‘ఉస్స్...’ మని నిట్టూర్చేవి, గుర్తుందా? ఆ గాలే ఇది.

ఆ బస్సుల సంగతే నాకు దారి చూపించింది. మా బావమరిది విజయవాడలో ఓ ట్రావెల్స్ ఆఫీసులో లెక్కలు చూస్తాడు. ‘‘బావా, మా బస్సుల బెలూన్లన్నీ ఆటోనగర్‌లో ఓ మేస్త్రి చూస్తాడు. నాలుగు లక్షలు పారబోసే ముందు ఒక్కసారి ఆయనకు చూపిద్దాం’’ అన్నాడు. బస్సువాళ్లు ఈ తిత్తుల్ని బెలూన్లంటారు. ‘‘తీసుకొచ్చే ముందు రాత్రి ఎత్తు కొలిచి, పొద్దున్నే మళ్లీ కొలవమన్నాడు’’ అని కూడా చెప్పాడు.

కొలిచాను. బట్టలు కుట్టే టేపు పెట్టి చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా. నేల నుంచి కొలిస్తే టైర్లో గాలిని బట్టి లెక్క మారిపోతుంది, అందుకని చక్రం మధ్య నుంచే కొలవాలట. నాలుగు మూలలా నాలుగు అంకెలు కాగితం మీద రాసి పడుకున్నా. పొద్దున చూస్తే మూడు అంకెల్లో మార్పు లేదు. వెనక కుడి వైపు మాత్రం రెండు మిల్లీమీటర్లు తగ్గింది. సర్వీసు సెంటరు వాళ్లు తప్పుపట్టిన ముందు ఎడమ వైపు కదల్లేదు!

రోడ్డే డాక్టరు

హైదరాబాద్ పని మీద వచ్చిన బావమరిది తిరుగు ప్రయాణంలో నా కారెక్కాడు. ముందు సీట్లో కాదు, వెనక సీట్లో, నాన్న కూర్చునే చోట. చేతిలో కాగితం, పెన్ను. నేను డ్రైవింగ్, అతను రోగి! ఎక్కడెక్కడ ఎలా కొడుతోందో రాయడం అతని పని.

హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. తొమ్మిదో నంబరు హైవే అన్నప్పటి నుంచి ఇప్పుడు 65 అంటున్నదాకా. ఎక్కడ టీ బాగుంటుందో, ఎక్కడ పోలీసులుంటారో చెప్పగలను. కానీ రోడ్డు ఒంటిని ఇంత పట్టిపట్టి చూసింది ఈ ఒక్కసారే.

చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ముందు తెల్లటి గీతలు వరసగా ఉంటాయి కదా, వేగం తగ్గించమని. వేలెడు ఎత్తు కూడా ఉండవు. వాటి మీద కారు రంపం కోసినట్టు గరగరలాడింది. వెనక నుంచి ‘‘పళ్లు కదిలాయి బావా’’ అని వినిపించింది. నార్కెట్‌పల్లి దాటాక ఒకచోట రోడ్డు పెద్ద అల లాగా లేచి దిగింది. అక్కడ మాత్రం కారు చక్కగా లేచి, చక్కగా దిగింది. కింద ఏమీ తగల్లేదు, ధబ్‌మని శబ్దం రాలేదు. ‘‘ఇక్కడ బాగానే ఉందే!’’ అన్నాడతను.

అప్పుడు మాకు అర్థం కాలేదు గానీ, అసలు కిటుకంతా అక్కడే ఉంది. తిత్తిలో గాలి పోతే కారు కుంగుతుంది. కుంగిన కారు పెద్ద గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి వెళ్లడానికి చోటు చాలదు. లోపల ఆపడానికి పెట్టిన రబ్బరు ముక్కకు గుద్దుకుని ధబ్‌మంటుంది. మా కారు అందుకు పూర్తిగా తిరకాసు. పెద్ద అలలు తట్టుకుంటోంది. చిన్న చిన్న అంచులకే కస్సుమంటోంది.

కొర్లపహాడ్ టోల్ దాటి సూర్యాపేట వైపు వెళుతుంటే మూసీ వంతెన వస్తుంది. వంతెన పలకల మధ్య అతుకులు ఉంటాయి, ఎండకు కాంక్రీటు సాగడానికి వదిలిన సందులు. వాటి మీద ‘టక్-టక్, టక్-టక్’... ముందు చక్రాలు, వెనక చక్రాలు. బావమరిది కాగితం మీద ‘ఇదే అన్నింటికంటే ఘోరం’ అని రాశాడు. నాన్న ఆ రోజు ఇక్కడిదాకా రాలేదు, నయం.

సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగాం. ఇడ్లీ తింటూ ఓ మాటన్నాడు. ‘‘బావా, చెడిపోయింది ముందు ఎడమ కాలన్నారు కదా. మరి నేను వెనక కుడి వైపు కూర్చున్నా. నాకెందుకు కొడుతోంది?’’

నేను తినడం ఆపేశా. నిజమే. ఒక్క కాలు చెడిపోతే ఆ మూలే కొట్టాలి. ఇక్కడ నాలుగు మూలలూ ఒకేలా కొడుతున్నాయి. నాలుగు కాళ్లూ ఒకేసారి చెడిపోతాయా? డాష్‌బోర్డు మీద మెత్తగా, గట్టిగా మార్చుకునే మీటొకటి ఉంటుంది. ‘కంఫర్ట్’, ‘స్పోర్ట్’ అని. కోదాడ దాకా పది కిలోమీటర్లకోసారి అది మారుస్తూ వెళ్లా. రెంటికీ ఏ తేడా లేదు. ఎటు తిప్పినా గట్టే. పాలేరు దాటి ఆంధ్రలోకి వచ్చాం. చిల్లకల్లు, నందిగామ, కీసర దగ్గర మున్నేరు వంతెన... అక్కడా అదే ‘టక్-టక్’. ఇబ్రహీంపట్నం వచ్చేసరికి రోగి కాగితం రెండువైపులా నిండిపోయింది.

గేటు లోపల మరో ఊరు

విజయవాడలో బెంజ్ సర్కిల్ తెలియనివాళ్లుండరు. లారీల ఊరికి తగ్గ పేరే. టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్-బెంజ్ కంపెనీతో 1954లో ఒప్పందం చేసుకుని లారీలు తయారు చేసిన రోజుల్లో వాటి ముందు మూడు కోణాల నక్షత్రం ఉండేది. మా నాన్న ఇప్పటికీ పాత టాటా లారీని ‘బెంజి లారీ’ అనే అంటారు. ఆ సర్కిల్ దాటి బందరు రోడ్డులో ముందుకెళితే ఎడమ వైపు ఆటోనగర్ గేటు.

గేటు దాటితే విజయవాడ వాసన మారిపోతుంది. గ్రీజు, తడి పెయింటు, వెల్డింగ్ పొగ, ఎక్కడో వేగుతున్న పునుగులు. 1960ల్లో మొదలైన ఈ పేట నిజానికి ఓ ఊరు. ఇక్కడ ఒక్కో సందుకు ఒక్కో విద్య. ఒకచోట కొత్త లారీ ఛాసిస్‌కు చెక్కతో, ఇనుముతో ఒళ్లు కడుతుంటారు. పక్క సందులో కమాన్ కట్టల్ని ఎర్రగా కాల్చి సుత్తితో వంపు తిప్పుతుంటారు. ఇంకోచోట రేడియేటర్లు, ఇంకోచోట లేతు మిషన్లు. ఒకాయన నిచ్చెనెక్కి లారీ నుదుట కనకదుర్గమ్మను గీస్తున్నాడు. చీర అంచు దగ్గర కుంచె మార్చి, సన్నగా ఒక్కో చుక్కా పెడుతున్నాడు. కింద లారీ ఓనరు మెడ ఎత్తి, నోరు తెరిచి చూస్తున్నాడు. నేనూ కాసేపు అలాగే నిలబడిపోయాను. బావమరిది చెయ్యి పట్టి లాగాడు.

మేస్త్రిగారి షెడ్డు ముందు రెండు ఏసీ బస్సులు, ఒక లారీ. మా కారు వాటి మధ్యకు వెళ్లి పెళ్లికొచ్చిన పట్నం చుట్టంలా నిలబడింది. ఆయనకు అరవై దాటి ఉంటాయి. కమాన్ కట్టల దగ్గర సుత్తి కొట్టి మొదలుపెట్టి, వోల్వోలొచ్చాక బెలూన్ల పనిలో దిగారట. ‘‘ఇనుమైనా గాలైనా బరువు మోసేదే కదండీ’’ అన్నారు.

నా ఎత్తుల కాగితం తీసుకుని చూశారు. ‘‘రాత్రంతా నిలబడింది. ముందు బెలూన్లలో గాలి పోవట్లేదు’’ అన్నారు. బావమరిది కాగితం కూడా ఇచ్చాం. అది చదివి కాస్త నవ్వారు. తర్వాత ఇంజను ఆన్ చేయించి, మీట ‘కంఫర్ట్’లో పెట్టించి, కారు నాలుగు మూలలా రెండు చేతులతో నొక్కుతూ తిరిగారు. ‘‘నాలుగూ బిగదీసుకునే ఉన్నాయి. ఇది బెలూన్ జబ్బు కాదండీ, షాకబ్జర్ జబ్బు. అదీ కరెంటుది.’’

ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇదీ. బరువు మోయడం వరకే తిత్తి పని. ఊగకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. అందులో నూనె ఉంటుంది, అది సన్న దారుల్లోంచి అటూ ఇటూ పోవాలి. దారి పెద్దదైతే కారు మెత్తన, చిన్నదైతే గట్టి. ఖరీదైన కార్లలో ఆ దారిని తెరిచి మూసే వాల్వు ఉంటుంది. అది కరెంటుతో పనిచేస్తుంది. చాలా కార్లలో కరెంటు అందకపోతే వాల్వు గట్టి వైపే ఉండిపోతుంది. అలా ఎందుకు పెట్టారంటే, వేగంగా వెళుతున్నప్పుడు ఉన్నట్టుండి మెత్తబడితే కారు ఊగి అదుపు తప్పుతుంది. గట్టిపడితే ఒళ్లు నొప్పులే కదా, ప్రాణానికి ఢోకా లేదు! పైగా ఒక చక్రం దగ్గర తేడా వస్తే కంప్యూటర్ మిగతా మూడింటినీ నమ్మదు. నాలుగింటికీ కరెంటు ఆపేస్తుంది. అదీ సంగతి. వెనక కుడి మూల కూర్చున్న బావమరిదికి ముందు ఎడమ కాలి దెబ్బ తగలడానికి కారణం అదే.

‘‘అంటే ఆ ఎడమ కాలు మార్చాల్సిందేనా?’’ అన్నాను, నాలుగు లక్షలు కళ్ల ముందు తిరుగుతుంటే.

‘‘కాలు చెడిందో, కాలికి పోయే నరం చెడిందో చూడాలి గదండీ. కంప్యూటర్ ఏం చెబుతుంది? అటు నుంచి జవాబు రావట్లేదనే చెబుతుంది. మనిషి చచ్చాడో, ఫోను తీగ తెగిందో దానికేం తెలుసు!’’

కారు జాకీ మీద లేపి, కింద ఇనప స్టాండ్లు పెట్టించారు. నేను ఉత్సాహంగా వంగి చూడబోతే గట్టిగా కసిరారు. గాలి మీద నిలబడ్డ బండి కిందికి స్టాండ్లు లేకుండా ఎవరూ దూరకూడదట. తిత్తి ఖాళీ అయితే కారు క్షణంలో నేలకు దిగుతుంది. ఇళ్ల దగ్గర సొంతంగా ప్రయోగాలు చేసేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు.

ముందుగా సబ్బునీళ్లు. నాలుగు తిత్తుల మీదా, గొట్టాల అతుకుల మీదా బ్రష్‌తో రాశారు. ముందు వాటిలో ఒక్క బుడగ కూడా రాలేదు. వెనక కుడి తిత్తి మడత దగ్గర చాలాసేపు చూశాక సన్నగా, నురగలాగా లేచింది. రబ్బరు మీద జుట్టంత సన్నటి పగుళ్లు. నా కాగితం మీది రెండు మిల్లీమీటర్లు అవే! ‘‘ఇది ముసలిదైంది. ఇప్పుడే పోదు. చలికాలం రానివ్వండి, అది బిగుసుకుని అప్పుడు చెబుతుంది’’ అన్నారు.

తర్వాత ముందు ఎడమ చక్రం. షాక్ అబ్జార్బర్ దగ్గరున్న ప్లగ్గు ఊడదీసి మీటరు పెట్టారు. ముల్లు కదిలింది. ‘‘వాల్వు లోపలి చుట్ట బతికే ఉంది’’ అన్నారు. నా ప్రాణం సగం లేచొచ్చింది. ఇక తీగ. పైనుంచి చూస్తే నిక్షేపంగా ఉంది. తొడుగు ఎక్కడా చిరగలేదు, ఎలుక కొరకలేదు. ఆయన తీగను రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకుని, కొంచెం కొంచెం లాగుతూ పైకి వెళ్లారు, జపమాల తిప్పినట్టు. ఒకచోట ఆగారు. ‘‘ఇదుగో, పట్టుకు చూడండి.’’

పట్టుకున్నా. మిగతా చోట్ల బిర్రుగా ఉన్న తీగ అక్కడ అంగుళం మేర రబ్బరు బ్యాండులా సాగుతోంది! లోపల రాగి పోగులు తెగిపోయాయి. పైన తొడుగు ఒక్కటే మిగిలింది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా, చక్రం లేచి దిగినప్పుడల్లా తీగ సరిగ్గా అక్కడే వంగుతుంది. పద్నాలుగేళ్లు వంగి వంగి ఒక్కో పోగే తెగింది. మీటరు పెట్టి ఊపితే ‘కీ...’మని ఒకసారి పలుకుతుంది, ఇంకోసారి పలకదు. డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఓ రోజు వెలిగి, ఓ రోజు వెలగకపోవడం అందుకే.

బాగుచేయడం గంట పని. తెగినచోట అతుకు వేయలేదాయన. తెగిన భాగం పూర్తిగా కత్తిరించి, ఎక్కువ పోగులుండే మెత్తటి తీగ కొత్తది వేశారు. అతుకులు రెండూ వంపు లేని చోటికి జరిపారు. టంకం పెట్టరా అని అడిగితే, వంగేచోట టంకం పెడితే దాని పక్కనే మళ్లీ విరుగుతుందన్నారు. గొట్టం లాంటి క్లిప్పు వేసి బిగించి, పైన వేడికి ముడుచుకునే తొడుగు వేశారు. చిన్న కుర్రాడొకడు ట్యాబ్ తెచ్చి కంప్యూటర్‌లో పాత ఫిర్యాదు చెరిపేశాడు.

మీట ‘కంఫర్ట్’లో పెట్టి మూల మీద నొక్కారు. కారు మెత్తగా కిందికి దిగి, మెల్లగా పైకొచ్చింది. అంతకుముందు గోడను నొక్కినట్టుండేది.

కూలీ, సామాను కలిపి పద్దెనిమిది వందలు.

ఇలా రాస్తుంటే సర్వీసు సెంటరు వాళ్లు దొంగలని నేనంటున్నట్టు ఉంటుంది. అలా అనుకోవడం లేదు. వాళ్ల పద్ధతి వేరు. కంప్యూటర్ ఏ భాగం పేరు చెబితే ఆ భాగం మార్చేస్తారు, దానికి గ్యారంటీ కూడా ఇస్తారు. తీగను వేళ్లతో తడిమే తీరిక అక్కడ ఎవరికుంటుంది? కానీ కొత్త కాలు వేసి, పాత తీగే తగిలించి ఉంటే... నాలుగు లక్షలు పోశాక కూడా ఆ ‘టక్’ అలాగే ఉండేది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

కరకట్ట మీద పరీక్ష

మర్నాడు పొద్దున్నే బావమరిది ఇంటి ముందు, కారు కదలకముందే టైర్లలో గాలి చూశాం. వేడెక్కాక చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద 33 అని ఉంది. నా టైర్లలో 40! ఎవరో గాలి కుర్రాడు ‘పెద్ద బండి కదా’ అని ప్రేమగా కొట్టి ఉంటాడు. అది కాస్తా దించాం. పనిలో పని టైరు పక్కన నాలుగంకెలు కూడా చూశాం. 2317. అంటే 2017లో 23వ వారం తయారైనవి. రబ్బరు గోరుతో నొక్కితే దిగట్లేదు. వాటికీ మూడిందని తెలిసింది.

యనమలకుదురు దగ్గర కరకట్ట ఎక్కాం. కుడి పక్క కృష్ణ, ఎడమ పక్క పసుపు, కంద, అరటి, చెరకు. తోట్లవల్లూరు దాకా ఒకదాని వెనక ఒకటి తోటలే. ఈ రోడ్డు మీద నా చిన్నప్పుడు సైకిలు తొక్కితే సీటు మీద కూర్చోలేకపోయేవాళ్లం. ఇప్పుడు తారుంది గానీ, ట్రాక్టర్లు తొక్కిన గతుకులు, ప్రతి ఊరి ముందూ ఆ ఊరివాళ్లే వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు. పరీక్షకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. బావమరిది మళ్లీ వెనక సీట్లో. ఈసారి కాగితం మీద ఏమీ రాయలేదు. శ్రీకాకుళం దాకా ఒకటే కబుర్లు. అది ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదండోయ్. కృష్ణ ఒడ్డున ఆంధ్రమహావిష్ణువు ఉన్న ఊరు, శ్రీకృష్ణదేవరాయలకు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్న స్వామి. దర్శనం చేసుకుని, మోపిదేవి మీదుగా మా ఊరు వెళ్లి, వసారా కడిగించి రమ్మని పాలేరుతో చెప్పి వెనక్కి వచ్చాం.

అన్నీ బాగుపడ్డాయని చెప్పను. స్పీడ్ బ్రేకర్ ఏటవాలుగా ఎక్కితే ముందు నుంచి ‘కిర్రు’మంటోంది. అది కింద కడ్డీల బుష్‌ల అరుగుదల అట, తర్వాత చూద్దామన్నారు మేస్త్రి. హైదరాబాద్ వచ్చాక టైర్లు నాలుగూ మార్చాను. వాటికైన ఖర్చు ముందు ఆటోనగర్ బిల్లు కాఫీ డబ్బుల కింద లెక్క. వెనక కుడి తిత్తికి ఆర్డరు పెట్టాను. ఇంకా రాలేదు. రోజూ రాత్రి, పొద్దున టేపుతో కొలవడం అలవాటైపోయింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నన్ను అదోలా చూస్తున్నాడు.

తద్దినానికి రెండు రోజుల ముందు తెల్లవారుజామున నాన్నను ఎక్కించాం. దిండ్లు, బెల్టు, అమ్మ. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర అద్దంలో ఆయన మొహం చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చౌటుప్పల్ దగ్గర ఏసీ తగ్గించమన్నారు. నార్కెట్‌పల్లిలో కాఫీ బాగోలేదని విసుక్కున్నారు. ఆ తర్వాత మాట వినపడలేదు.

ముందు రోజు మాటల్లో మూసీ వంతెన సంగతి ఆయనకు చెప్పి తప్పు చేశాను. అప్పటి నుంచీ అదే బెంగ. సూర్యాపేట టిఫిన్ హోటల్ ముందు కారు ఆపగానే కళ్లు తెరిచి అడిగారు...

‘‘ఒరేయ్, ఆ వంతెన ఇంకెంత దూరంరా?’’